రెండు గడియారాల ఊరు

పోయిన వారం మనం కామ్‌షాత్‌ని జైసాన్ బడి మెట్ల మీద, మంచు పడుతుండగా, ఫోను కళ్ళకి ఆనించుకుని నిలబడ్డ చోట వదిలేసి ఎవరి పనులు వాళ్ళం చూసుకున్నాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఈ వారమే కథలోకి అడుగు పెడుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి, ఆమెను ఇంటికి పంపిద్దాం.

కామ్‌షాత్ ఆ బడిలో పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. బడిలో పనిచేసే కంప్యూటర్ మాత్రం ఒక్కటీ లేదు. పిల్లల చేతుల్లో ఉన్నవన్నీ ఫోన్లే. అందుకని వాళ్ళ కోసం ఇంట్లో మాట్లాడుకునే కజక్ మాటలతోనే ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేసింది. దాని పేరు బోతా, అంటే ఒంటె పిల్ల. పిల్లవాడు నడవమని రాస్తే తెర మీద ఒంటె పిల్ల నడుస్తుంది, తిరగమంటే తిరుగుతుంది. రాజధాని అస్తానాలో ఒక సంస్థ వాళ్ళ కంట ఇది పడింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి వాళ్ళు వీడియోలో పిలుస్తారు. అప్పటికప్పుడు ఒక కొత్త మాట చెబుతారు. దాన్ని బోతాలో చేర్చి, మొత్తం భాషని ఫోనులోనే మళ్ళీ కంపైల్ చేసి, వాళ్ళ కళ్ళ ముందే నడిపించాలి. నడిపిస్తే వసంతం రాగానే ఆమెకి అస్తానాలో ఉద్యోగం, బోతాకి ఊరూరా బళ్ళలో చోటు. లేదంటే ఒంటె పిల్ల కామ్‌షాత్ ఫోనులోనే ముసలిదైపోతుంది.

ఆ కంపైల్ అన్నదే వారం నుంచి ఆమెను ఏడిపించుకు తింటోంది.

కంపైల్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మనిషి రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చడమే. ఆ పని చేయించే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. కామ్‌షాత్ దాన్ని మేస్త్రి అని పిలుస్తుంది. మేస్త్రి మహా పొదుపరి. ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూస్తాడు. తను కట్టినదానికన్నా ఫైలు కొత్తదైతే ఆ భాగం మళ్ళీ కడతాడు, పాతదైతే దాని జోలికి పోడు. అంతకు మించి తెలివి వాడికి లేదు, ఉందని వాడూ చెప్పుకోడు.

కామ్‌షాత్ దగ్గర ఉన్నది రెండు ఫోన్ల సంసారం. తన ఫోనుని పోయిన నెల ఆవు తొక్కింది. తెర కింది సగం చచ్చిపోయింది, అక్షరాలు కొట్టడానికి లేదు. కానీ మేస్త్రీ, వాడి సరంజామా అంతా అందులోనే ఉన్నాయి. కోడళ్ళు అపా అని పిలిచే అత్తగారు బిబిగుల్ ఫోను కొత్తది, తెర నిగనిగలాడుతుంది. కానీ దాని కడుపు నిండా చుట్టాల పెళ్ళి వీడియోలే. అందుకని రాయడం అత్తగారి ఫోనులో, కట్టడం తన ఫోనులో. అక్కడ ఒక ఫైలు మారితే ఇక్కడికి దానంతట అదే వచ్చి చేరేలా ఏర్పాటు చేసుకుంది.

ఇక జబ్బు సంగతి. రాసిన వెంటనే కట్టమంటే మేస్త్రి మొదలుపెడతాడు, ఫైలు మారిందంటాడు, ఏ భాగం ముందు కట్టాలో పథకం మళ్ళీ వేసుకుంటాడు, చూసుకుంటాడు, ఇంకా మారే ఉందంటాడు, మళ్ళీ మొదటికొస్తాడు. గానుగెద్దులా తిరిగి తిరిగి చివరికి నా వల్ల కాదని చేతులెత్తేస్తాడు. విసుగొచ్చి ఫోను పక్కన పడేసి, చాయ్ తాగి, ఆవుకి గడ్డి వేసి, వచ్చి మళ్ళీ కట్టమంటే, ఒక్క అక్షరం మార్చకపోయినా, బుద్ధిమంతుడిలా ఒక్క ఊపులో కట్టేస్తాడు. అదే ఫైలు, అదే ఫోను, అదే మేస్త్రి.

తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే కామ్‌షాత్‌కి భయం లేదు. ఇది అలా కాదు. ఫోనులో చోటు చాలడం లేదేమోనని తన పెళ్ళి ఫోటోలే తీసేసింది. వేడెక్కుతోందేమోనని కిటికీ అవతల మంచులో పెట్టి కట్టించింది, ఫోను చలికి ఆరిపోయింది. కొత్తగా మేస్త్రిని దింపుకుంది, కొత్తవాడూ పాతవాడి దారే పట్టాడు. మేస్త్రి మధ్యలో ఏవో హెచ్చరికలు చేస్తుంటాడు. ఆ చిన్న తెర మీద అవి వరదలా పారి అసలు ఎర్రర్‌ని మింగేస్తున్నాయని, ఆమె వాటి నోరు ఎప్పుడో మూయించింది. అది మంచి పనో కాదో మీరే చూద్దురుగాని.

నిన్నయితే అత్తగారు రంగంలోకి దిగింది. "దిష్టే ఇది. టీవీ వాళ్ళొచ్చి బడిలో ఫోటోలు తీశారు చూడు, అప్పుడు తగిలింది," అని దిష్టి తీసే అద్రాస్పాన్ ఆకు నిప్పుల మీద వేసి, ఫోను చుట్టూ, కోడలి చుట్టూ, చివరికి ఫ్రిజ్ చుట్టూ కూడా పొగ తిప్పింది. పొగ అంతా పోయేసరికి చాలాసేపు పట్టింది. ఆ తరవాత కట్టమంటే మేస్త్రి కట్టేశాడు. అత్తగారు కోడలి వంక చూసిన చూపు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ మధ్యాహ్నం బడి మెట్ల మీద కామ్‌షాత్ చూసింది అసలు సంగతి, అంటే అసలు సంగతి అనుకున్నది. పొద్దున్న బడికి వచ్చే ముందు బోతాలో మాటల ఫైలుని కొంచెం దిద్దింది. కట్టమంటే మామూలుగానే గానుగ తిరుగుడు. తిట్టుకుంటూ బడికి వచ్చేసింది. ఇప్పుడు కట్టమంటే చక్కగా కట్టాడు. ఎందుకో అనుమానం వచ్చి ఆ ఫైలు ఎప్పుడు మారిందో తన ఫోనులో చూసింది. ఎనిమిదింబావుకి మారినట్టు ఉంది.

ఎనిమిదింబావుకి ఆమె తరగతిలో హాజరు వేస్తోంది. అత్తగారు బజారులో పెరుగు అమ్ముతోంది. చలికి ఫోను పాడవుతుందని ఆవిడ దాన్ని ఎప్పుడూ ఇంట్లోనే చార్జింగ్‌లో పెట్టి పోతుంది. భర్త యెర్సాయిన్ చమురు బావుల దగ్గర డ్యూటీలో ఉన్నాడు, నెల తిరిగేదాకా రాడు. బావగారు లారీ మీద ఉన్నాడు. ఇంట్లో ఉన్నది తోడికోడలు దామేష్ ఒక్కతే.

అనుమానం పెనుభూతం అన్నారు. బడి నుంచి ఇంటికి నడిచేలోపు కామ్‌షాత్ బుర్రలో ఆ భూతం గడ్డాలూ మీసాలూ కూడా పెంచేసింది. రోజూ ఎవరో ఫైలు తెరిచి చెడగొడుతున్నారు. తను చూసేలోపు మళ్ళీ సరిచేస్తున్నారు. మరి సరిచెయ్యడం ఎందుకు? ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు కనక దాన్ని వదిలేసింది. కోపంలో ఉన్న మనిషి అడ్డొచ్చిన ప్రశ్నని దాటుకుని వెళ్ళిపోతుంది.

దామేష్ వంటింట్లో నూనెలో వేయించే బౌర్సాక్ రొట్టెలకి పిండి పిసుకుతోంది. ఈ ఇంటికి కోడలుగా వచ్చి పన్నెండేళ్ళు. మాట కటువు, చెయ్యి మంచిది. ఊళ్ళో అందరూ ఆవిడ చేతి బౌర్సాక్‌లు తిని ఆవిడ నోటికి భయపడతారు.

"అక్కా, పొద్దున్న అపా ఫోను ఎవరు తీశారు?"

"బూట్లు విప్పు ముందు. మంచు అంతా లోపలికి మోసుకొచ్చావు."

"ఫోను ఎవరు తీశారని అడుగుతున్నాను."

"ఏమయింది ఇప్పుడు? అరిగిపోయిందా?"

"నా ఫైలు తెరిచారు. నేను లేనప్పుడు. ఇంట్లో మీరు తప్ప ఎవరున్నారు?"

దామేష్ పిండి గిన్నె పక్కకి జరిపింది. "నీ ఒంటె పిల్లనా? దాని జోలికి నేనెందుకు పోతానే? నాకు ఆవుతోనే సరిపోతోంది."

"మరి ఎనిమిదింబావుకి దాన్నెవరు మార్చారు? దయ్యాలా?"

"నన్నడిగితే? దయ్యాల్నే అడుగు."

"వారం నుంచి చూస్తున్నాను. నేను రాయడం, మీరు చెడగొట్టడం. నేను అస్తానా పోతే ఆవూ పొయ్యీ మీ ఒక్కరి నెత్తినే పడతాయని కదూ? చెప్పండి, అంతేగా?"

"ఓహో! నువ్వొచ్చి నా పని తెగ తగ్గించావు మరి! పోయిన నెల ఒక్కసారి ఆవుని పట్టుకోమంటే ఫోను దాని కాళ్ళ కింద వేసి, ఆవుని నా మీదకి వదిలావు."

"మాట మార్చకండి."

"నేను మార్చడం లేదు. నువ్వే నోరు జారుతున్నావు. చదువుకున్నదానివి, ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి."

"మీరు దొంగచాటుగా..."

ఆ మాట పూర్తి కాలేదు. దామేష్ పిండి చేతులతోనే గిర్రున తిరిగి ఆమె మొహంలోకి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళుగా ఆ కళ్ళలో నీళ్ళు ఎవరూ చూసి ఉండరు. కామ్‌షాత్‌కి మాత్రం కోపం ఇంకా దిగలేదు.

అంతలో బయట బూట్లు దులుపుకున్న చప్పుడు. అత్తగారు ఖాళీ పెరుగు డబ్బాలతో లోపలికి వచ్చింది.

"ఏమిటా అరుపులు? వీధి చివరికి వినిపిస్తున్నాయి. మన ఇంట్లో టీవీ లేదని ఊరికి వినోదం మనమే పంచుతున్నామా?" అంటూ గోడ గడియారం వంక చూసింది. "రెండయింది. ఇంకా చాయ్ లేదు. ఇద్దరు కోడళ్ళున్న ఇల్లు ఇది!"

"ఒంటిగంటే అయింది అపా," అంది కామ్‌షాత్ అలవాటుగా.

"నీ ఒంటిగంట నీ బడిలో పెట్టుకో. నా ఇంట్లో రెండు."

దీని గురించి కూడా చెప్పాలి. దేశమంతటికీ ఒకే టైము అని పెట్టినప్పుడు, తూర్పున ఉన్న ఈ ఊళ్ళ గడియారాలు ఒక గంట వెనక్కి పోయాయి. చలికాలంలో సాయంత్రం నాలుగింటికే దీపాలు పెట్టుకోవాల్సి వచ్చింది. బళ్ళూ ఆఫీసులూ కొత్త టైముకి లొంగాయి. బిబిగుల్ లాంటివాళ్ళు లొంగలేదు. "నా గంటని నన్నడక్కుండా ఎవరు కోశారు?" అని ఆవిడ గోడ గడియారాన్ని పాత టైములోనే ఉంచింది. ఊళ్ళో పెళ్ళికి పిలిచినా, చావుకి పిలిచినా, పాతదా కొత్తదా అని అడిగి తీరాలి. కామ్‌షాత్‌కి ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో గడియారం చూస్తే మనసే దానంతట అది ఒక గంట తీసేసుకుంటుంది, ఆలోచించదు.

"అపా, మీరే తేల్చండి," అంది ఫోను చూపిస్తూ. "ఈ ఫైలు మీ ఫోనులో ఎనిమిదింబావుకి ఎవరో మార్చారు. నేను బడిలో ఉన్నాను. మీరు బజారులో ఉన్నారు."

అత్తగారు కళ్ళద్దాలు ముక్కు మీదకి లాక్కుని చూసింది. "ఎనిమిదింబావుకి నువ్వు బడిలో ఎక్కడున్నావే? ఇదిగో, ఇక్కడే, నా పక్కనే కూర్చుని టకటకా పొడుస్తున్నావు. పియాలాలో చాయ్ పోసి పెడితే పైన మీగడ కట్టేదాకా ముట్టుకోలేదు. ఆ తరవాతేగా ఇద్దరం బయల్దేరాం?"

"అది ఏడుంబావు అపా."

"నీకు ఏడుంబావు. నాకు ఎనిమిదింబావు."

"మీకు కనిపించేది వేరు. ఫోను లోపల లెక్క వేరు. మీ అబ్బాయి మీ ఫోనుకి పాత టైము చూపించే వేరే ఊరు పేరు పెట్టిచ్చాడు. ఊరు మారిస్తే కనిపించే గంట మారుతుంది కానీ లోపలి లెక్క మారదు. నా ఫోనుకి వచ్చేసరికి ఏడుంబావనే చూపించాలి."

చెబుతూ చెబుతూనే అత్తగారి ఫోను తీసి, సెట్టింగుల్లో గడియారం ఉన్నచోటికి వెళ్ళింది. వెళ్ళి, ఆగిపోయింది. ఊరు వేరేది కాదు. ఊరు మన ఊరే. టైము మాత్రం గంట ముందుంది.

"అపా... దీన్నెవరు మార్చారు?"

"నేనే!" ఆవిడ గొంతులో గర్వం తొణికింది. "పోయిన వారం ఫోను దానంతట అదే ఆరిపోయి, ఏదో కొత్తది ఎక్కించుకుని, వెలిగాక చూస్తే వాళ్ళ టైము చూపిస్తోంది. మీ ఆయన్ని అడుగుదామంటే దొరకడే! నేనే నొక్కీ నొక్కీ ఆ ముల్లుని గంట ముందుకి తోశాను. ఏం, గోడ గడియారాన్ని తొయ్యలేదూ? ఇదెంత?"

కామ్‌షాత్ నేల మీద పరిచిన బొంత మీద చతికిలబడింది. బుర్రలో ఒక్కొక్కటే వచ్చి వరస కడుతున్నాయి, అయినా ఏది ముందో ఏది వెనకో ఇంకా తెలియడం లేదు.

ఊరు మార్చడం వేరు, ముల్లు తిప్పడం వేరు. ముల్లు తిప్పితే ఫోను లోపలి లెక్కే గంట ముందుకి పోతుంది. అందులో రాసిన ప్రతి ఫైలు మీదా ఇంకా రాని గంట ముద్ర పడుతుంది. ఆ ఫైలు ఆమె ఫోనులోకి వస్తుంది. మేస్త్రి చూస్తాడు. ఫైలు తన పథకం కన్నా కొత్తదంటాడు. మళ్ళీ పథకం వేస్తాడు. వేసిన పథకం మీద పడేది ఇప్పటి గంట, ఫైలు మీద ఉన్నది రాబోయే గంట. ఎన్నిసార్లు వేసినా ఫైలే కొత్తది. అసలు కాలం నడిచి నడిచి ఆ గంటని దాటేదాకా వాడి తిరుగుడు ఆగదు. దాటిందా, అన్నీ సర్దుకుంటాయి. అందుకే చాయ్ తాగి వస్తే జబ్బు నయమయ్యేది. ఫైలు ఇంకా రాని గంట నుంచి వచ్చినట్టుందని మేస్త్రి పాపం మొదటి రోజు నుంచీ హెచ్చరిస్తూనే ఉండుంటాడు. నోరు మూయించింది తనే.

"అయితే నిన్న పొగ..." అంది అత్తగారు అనుమానంగా.

"పొగ పోయేసరికి గంట దాటింది అపా."

"అంటే పొగ వల్ల కాదంటావా?"

"పొగ వల్ల కూడా అపా," అంది కామ్‌షాత్. నవ్వొచ్చింది, ఆ వెంటనే తోడికోడలు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూసింది. వంటింట్లో దామేష్ లేదు. పిండి గిన్నె మీద బట్ట కప్పి ఉంది.

ముందు ఫోను సంగతి చూడాలి. నాలుగింటికి పిలుపు. ముల్లు వెనక్కి తిప్పబోతే అత్తగారు ఫోను లాక్కుంది.

"నా గంట ముట్టుకుంటే ఊరుకోను!"

"మీ గంట మీకే ఉంటుంది అపా. నేను ఊరు మారుస్తాను, అంతే. మీకు పాత టైమే కనిపిస్తుంది."

"ఏ ఊరు పెడతావు?"

"బిష్కెక్."

"అంటే ఈ వయసులో నన్ను కిర్గిజ్ దాన్ని చేస్తావా?"

"ఫోనుని మాత్రమే అపా. మీరు మీరే."

"సరేలే. వాళ్ళ గుర్రప్పాల కుమిస్ బాగానే ఉంటుంది," అని ఆవిడ ఫోను ఇచ్చింది.

కామ్‌షాత్ ముల్లు సరిచేసి, ఊరు మార్చి, మాటల ఫైలులో ఒంటె పిల్ల కూర్చునే మాట ఒకటి కొత్తగా చేర్చింది. తన ఫోనులో కట్టమంది. మేస్త్రి ఒక్కసారి పథకం వేశాడు, చూసుకున్నాడు, కట్టడం మొదలుపెట్టాడు. తెర మీద వరసలు పైకి పాకాయి. అయిపోయింది. ఒంటె పిల్ల వచ్చి నిలబడి, ముందు కాళ్ళు మడిచి, బుద్ధిగా కూర్చుంది. కామ్‌షాత్ అత్తగారిని వాటేసుకుంది. "వదులు, వదులు, పెరుగు వాసన!" అని ఆవిడ విదిలించుకుంది గానీ మొహం విచ్చుకుంది. మళ్ళీ ఇంకో మాట చేర్చి కట్టించింది. అదీ ఒక్క ఊపే.

సంతోషం పైకి వచ్చిన కొద్దీ సిగ్గు కూడా దాని వెనకే పైకి వచ్చింది. దొంగచాటుగా అంది. ఆ మాట నోట్లోంచి వచ్చింది. దామేష్ కళ్ళు గుర్తొచ్చాయి. వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపించింది. పిలుపు కాగానే వెళ్దామనుకుంది. మంచి చొక్కా వేసుకుని, జుట్టు సరిచేసుకుని, గోడకి తన ఫోను ఆనించి కూర్చుంది.

నాలుగయింది. ఫోను మోగలేదు.

నాలుగు దాటింది. కిటికీ అవతల వెలుగు తగ్గిపోతోంది. సిగ్నల్ చూసుకుంది, ఉంది. పాత టైము అనుకుని ఉంటారా? ఛ, అస్తానా వాళ్ళకి పాత టైముతో పనేమిటి? పోనీ తనే రోజు పొరపాటు పడిందా? సందేశం మళ్ళీ చదువుకుంది. ఇవాళే. నాలుగింటికే. ఆ సంస్థ నంబరుకి తనే చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పెరట్లో సిగ్నల్ ఇంకొంచెం బాగుంటుందని, అత్తగారి ఫోను ఆవిడ ఒళ్ళోనే వదిలి, తన ఫోను పట్టుకుని బయటికి నడిచింది.

పశువుల కొట్టంలో దామేష్ పాలు పితుకుతోంది. ఆవుకి పాత టైమూ లేదు, కొత్త టైమూ లేదు, చీకటి పడితే పాలివ్వాలి. కామ్‌షాత్ గుమ్మంలో నిలబడింది. ఎలాగూ ఎదురుచూడాలి, ఆ ఎదురుచూసేదేదో ఇక్కడే చూద్దామనుకుంది.

"అక్కా."

దామేష్ తల ఎత్తలేదు. బొక్కెనలో పాల ధార చప్పుడు ఆగలేదు.

"తప్పంతా నాదే. మీరు ఏమీ ముట్టుకోలేదు. అపా గడియారం ముందుకి తిప్పారు, ఫైలు మీద టైము అందుకే తప్పు పడింది. నేను చూసుకోకుండా మిమ్మల్ని అనరాని మాట అన్నాను. నన్ను క్షమించండి అక్కా."

కొత్త కోడలుగా ఈ ఇంటి గడపలో అడుగు పెట్టిన రోజున పెద్దలందరికీ వంగినట్టే, కుడి మోకాలు వంచి, రెండు చేతులూ దాని మీద ఆనించి, తల దించింది. పాల ధార ఆగిపోయింది.

"లే," అంది దామేష్. "నాకు వంగకు."

"మీరు క్షమించానంటేనే లేస్తాను."

"లేవమన్నానా! నీ ఫైలు సంగతి నాకు తెలీదు. కానీ అపా ఫోను తీశాను. పొద్దున్న అది మోగింది. అస్తానా నుంచి ఎవరో ఆడమనిషి. నీ ఫోను కలవడం లేదని నువ్విచ్చిన ఇంటి నంబరుకి చేసిందట. సాయంత్రం నువ్వు తప్పకుండా ఉంటావా అని అడిగింది."

"ఉంటానని చెప్పారుగా?"

దామేష్ ఆవు పొట్టకి నుదురు ఆనించింది. "నువ్వు కడుపుతో ఉన్నావన్నాను. ఇంక ఎక్కడికీ రావన్నాను. సరే, పేరు తీసేస్తామంది."

కామ్‌షాత్‌కి వెంటనే అర్థం కాలేదు. మాటలన్నీ తెలిసినవే, అయినా ఒకదానికొకటి అతకడం లేదు. "ఎందుకక్కా?" అంది.

"ఎందుకంటే?" అంది దామేష్. "ఈ ఇంట్లో నాతో మాట్లాడిన మొదటి మనిషివి నువ్వే. దాన్ని తే, దీన్ని పెట్టు అనడం కాదు, మాట్లాడటం. తిట్టుకున్నా నువ్వు మాట్లాడతావు. నువ్వు పోతే నాకు మళ్ళీ ఈ ఆవే. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది. అన్నాక పొద్దున్నుంచీ నా చేతులు నావి కావు. నువ్వు దొంగ అంటే ఏడుపొచ్చింది. అది అబద్ధమని కాదు, నిజమని."

అంతలో ఇంట్లోంచి కేక. తలుపు దబాలున తెరుచుకుంది. అత్తగారు కాలికి చెప్పులైనా లేకుండా మంచులో పరుగెత్తుకొస్తోంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో తన పెళ్ళినాటి శాలువా.

"సుయిన్‌షీ! సుయిన్‌షీ!" శుభవార్త తెచ్చినవాళ్ళు వేసే కేక అది. విన్నవాళ్ళు కానుక ఇచ్చుకోవాలి. కానుక కూడా తనే పట్టుకొచ్చేసింది ఆవిడ. "ఓసి దొంగపిల్లా! నాకొక్క ముక్క చెప్పకుండా దాచావుటే? అస్తానా వాళ్ళకి తెలిసింది, కన్నతల్లి కన్నా ఎక్కువగా చూసుకునే నాకు తెలియదు! ఈవిడెవరో అభినందనలు చెబుతోంది. చూసుకోండి, చలిలో తిరగనివ్వకండి అంటోంది. నా యెర్సాయిన్‌కి బిడ్డ!"

ఆవిడ చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. శాలువా తెచ్చి కామ్‌షాత్ భుజాల చుట్టూ కప్పి, చలి తగలకుండా మెడ దగ్గర గట్టిగా ముడి వేసింది. దామేష్ బొక్కెన పట్టుకుని లేచి నిలబడింది. పాలు ఒలుకుతున్నాయి. అత్తగారికి కనిపించకుండా కామ్‌షాత్ వంక చూసి, వద్దనో చెప్పెయ్యమనో తెలియకుండా తల ఊపింది.

"నీతోనే మాట్లాడతానంటోంది, ఇదిగో," అని అత్తగారు ఫోను కోడలి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల్లోనూ పట్టుకుంది.

ఫోనులోంచి మెత్తటి గొంతు వినిపించింది. "కామ్‌షాత్ గారూ, మీ పేరు కొట్టేసే ముందు ఒక్కసారి మీ నోటితోనే విందామని చేశాను. మా సంస్థ వాళ్ళంతా ఇంకా వీడియోలోనే ఉన్నారు, మీ కోసం ఆగారు. మీ వాళ్ళు చెప్పింది నిజమేనా?"

అత్తగారు నవ్వుతూ, చెప్పు, చెప్పు, అని కళ్ళతోనే అంటోంది.